పసిబిడ్డకు చేతికుట్టు



మన కృష్ణాతీరపు ఇండ్లలో అనేకులు నేటికిని పాటించు ఆచారమొకటి కలదు. బిడ్డ నేలపడక ముందే ఆ బిడ్డకై క్రొత్తబట్ట కొనరాదనియు, ఉయ్యాల తెచ్చి ఇంటిలో పెట్టరాదనియు పెద్దలు చెప్పుదురు. నెలలు నిండుచున్న కోడలు సరదాపడి చిన్నచొక్కా కుట్టుకొనుచుండగా చూచి, "ఇప్పుడే తొందరేమే తల్లీ! ముందు నీవు సుఖముగా నీళ్ళాడు. తక్కినవన్నియు అవే వచ్చును" అని అత్తగారు సూదిని మెల్లగా చేతిలోనుండి తీసికొందురు. దీనిని మూఢాచారమని త్రోసివేయుట సులభమే. కాని దాని వెనుకనున్న భయము నిజమైనది. పుట్టిన బిడ్డలలో ఎందరో పురుడు వెళ్ళకుండగనే కన్నుమూసిన కాలమున, ముందుగా కుట్టి ఉంచిన చొక్కా ఆ ఇంటి కొక్కెమునకు వ్రేలాడుచుండుటను తల్లి చూడజాలదు. ఆ దుఃఖమునకు జడిసి పెద్దలు పెట్టుకొన్న కట్టుబాటిది.

అయినను ఈ కట్టుబాటు వలన నేడొక చిక్కు వచ్చుచున్నది. నొప్పులు ఏ అర్ధరాత్రియో ఆరంభమగును. ఇంటిలో ఒక్క గుడ్డయు సిద్ధముగా నుండదు. తండ్రియో, మేనమామయో పరుగెత్తి, తెరచియున్న అంగడిలో చేతికందిన జతబట్టలు కొని తెచ్చును. అవి ఉతుకని క్రొత్తవి. తరచుగా నూలు కలియని నైలానువో, పాలియెస్టరువో. అప్పుడే పుట్టిన పసికందు వంటికి మొట్టమొదట తగులునది ఆ బరుకు గుడ్డయే. ఆచారమును కాదనకుండ, ఈ చిక్కును తప్పించుకొను మార్గమేదియని ఆలోచించినచో, ఆ మార్గము కూడ మన పెద్దలే చూపియున్నారు. తొలుత బిడ్డను చుట్టునది పాతబట్టయే కావలెనని వారే చెప్పిరి. పెద్దవయసు వరకు ఆరోగ్యముగా బ్రతికిన తాతగారి పంచెయో, అమ్మమ్మగారి నేతచీరయో అయినచో మరియు మంచిదనిరి. పాతబట్టను ఉతికి, కత్తిరించి, మడిచి పెట్టుకొనుటకు ఏ ఆచారమును అడ్డురాదు. కనుక ఏడవ మాసము వచ్చినది మొదలు అత్తగారును కోడలును కలిసి కూర్చుండి చేసికొనదగిన కొన్ని వస్తువులను గూర్చి నేడు చెప్పుదును. వీటికి కుట్టుమిషను అక్కరలేదు. సూది, దారము, కత్తెర, కొలత టేపు చాలును.

పాతబట్టలో గల గుణమేమి? నేతసమయమున పడుగునకు పెట్టిన గంజియు, అద్దకపు రంగులో మిగిలిన ఉప్పులును అనేక పర్యాయములు ఉతుకుటచే పూర్తిగా పోవును. నూలుపోగు మెత్తబడి తడిని వెంటనే పీల్చుకొనును. పసిబిడ్డ చర్మము మన చర్మముకంటె పలుచనిది. గరుకు అంచు ఒరసికొన్నచోట వెంటనే కందిపోవును. అందుచేత ఎన్ని ఏండ్లు వాడిన బట్టయైనచో అంత మేలు. అయితే అది అచ్చమైన నూలుబట్ట కావలెను. ఇప్పటి చీరలలో ఏది నూలో, ఏది కలనేతయో కంటికి తెలియదు. పరీక్ష సులభము. బట్టపై ఒక నీటిబొట్టు వేయుడు. నూలైనచో క్షణములో ఇంకిపోవును. కృత్రిమపు పోగు కలిసినచో బొట్టు కొంతసేపు పైననే నిలుచును. ఇంకను సందేహమున్నచో ఒక పోగును లాగి, పట్టకారుతో పట్టుకొని దీపమునకు చూపుడు. నూలు కాగితమువలె కాలి బూడిదయగును. పాలియెస్టరు కరిగి గట్టి పూసవలె ముడుచుకొనును. అట్టి బట్ట ఇల్లు తుడుచుటకు ఉంచుకొనవచ్చును గాని పసిబిడ్డకు పనికిరాదు.

ఎన్నుకొన్న బట్టలను మొదట సబ్బుతో ఉతికి, తరువాత పెద్దగిన్నెలో పది పదునైదు నిమిషములు తెరలకాచి, బాగుగా జాడించి, తీవ్రమైన ఎండలో ఆరవేయవలెను. గంజి పెట్టరాదు, నీలిమందు వేయరాదు. ఆరిన పిమ్మట ఇస్త్రీ చేసి మడతపెట్టవలెను. ఇంత శ్రమ ఏలయని అనుకొనకుడు. మురికిగుడ్డయు, మురికిచేయియు, మురికికత్తియు బొడ్డునకు తగులుటచే వచ్చు ధనుర్వాతము ఒకప్పుడు మన దేశమున వేలకొలది పురిటిబిడ్డలను బలిగొన్నది. తల్లులకు టీకాలు వేయుటచేతను, శుభ్రమైన కాన్పుల చేతను ఆ పీడ తగ్గి, తల్లులలోను పురిటిబిడ్డలలోను ధనుర్వాతమును నిర్మూలించిన దేశముగా భారతదేశము 2015లో గుర్తింపు పొందినది. ఆ విజయమును నిలుపుకొనుట మన ఇంటి శుభ్రతపై కూడ ఆధారపడియున్నది. బొడ్డుపై పసుపు, బూడిద, నూనె ఏదియు వేయక, గుడ్డ కప్పక, పొడిగా విడిచిపెట్టవలెను.

బట్టలు దాచునప్పుడు మరియొక జాగ్రత్త. పెట్టెలో పురుగు పట్టకుండ మనము కలరా ఉండలు వేయుదుము. పసిబిడ్డ బట్టలలో వాటిని ఎంతమాత్రమును వేయరాదు. అందులోని నాఫ్తలీను ఆవిరి బట్టకు పట్టి, దానిని తొడిగినపుడు బిడ్డ శరీరములోనికి పోవును. పుట్టుకతోనే రక్తములో ఒక ఎంజైము కొరవడిన బిడ్డలు కొందరుందురు. అట్టివారికి ఆ ఆవిరివలన ఎర్రరక్తకణములు విరిగి, కామెర్లు తీవ్రమై, ప్రాణముమీదికి వచ్చును. ఏ బిడ్డకు ఆ లోపము కలదో మనకు ముందుగా తెలియదు. కనుక శుభ్రముగా ఎండబెట్టిన బట్టలను మూత బిగువుగానున్న డబ్బాలో పెట్టుకొన్న చాలును.

ఇక మొదటి వస్తువు పొత్తిగుడ్డలు. నాలుగు గజముల పంచె ఒకటి తీసికొనుడు. దాని పొడవు నూట నలువది నాలుగు అంగుళములు, వెడల్పు సుమారు యేబది అంగుళములు. ఇరువది నాలుగు అంగుళముల చదరపు ముక్కలుగా కత్తిరించినచో పొడవున ఆరు, వెడల్పున రెండు, మొత్తము పండ్రెండు గుడ్డలు వచ్చును. జరీ అంచున్నచో ముందుగనే తీసివేయవలెను. రెండు పంచెలకు ఇరువది నాలుగు గుడ్డలగును. వేసవిలో ఇవి సరిపోవును. శ్రావణ భాద్రపదములలో ముసురుపట్టి, ఉతికిన గుడ్డ రెండు దినములైనను ఆరదు గనుక ఆ మాసములలో పురుడు వచ్చు ఇంటివారు మూడు పంచెలు సిద్ధము చేసికొనుట మేలు.

పాతగుడ్డయే గదాయని అంచులు కుట్టక విడువరాదు. అంచునుండి ఊడివచ్చు సన్ననిపోగు బిడ్డ కాలివ్రేలికి చుట్టుకొన్నచో, తడిసి ఆరినకొలది బిగిసి, రక్తము ఆడకుండ చేయును. వ్రేలు వాచి ఎర్రబడును. కొన్ని గంటలు గమనింపకున్నచో వ్రేలికే ముప్పు. కారణము తెలియకుండ బిడ్డ గుక్కపట్టి ఏడ్చుచున్నపుడు కాలివ్రేళ్ళను, చేతివ్రేళ్ళను విప్పి చూడుడు. తల్లి రాలిన వెంట్రుకయు ఇట్లే చుట్టుకొనును. కనుక ప్రతి గుడ్డయంచును సన్నముగా రెండు మడతలు మడిచి దగ్గర దగ్గరగా కుట్టవలెను.

గుడ్డను మూలనుండి మూలకు మడిచి ముక్కోణముగా చేసి, పొడవైన అంచు నడుము క్రిందికి వచ్చునట్లు పరచి, క్రింది కొనను కాళ్ళ నడుమనుండి పైకి తెచ్చి, ప్రక్క కొనలు రెండును దానిమీద ముడివేయవలెను. ముడి బొడ్డునకు దిగువనుండవలెను. కాళ్ళు కప్పకాళ్ళవలె విడివడి ఆడుచుండవలెను గాని కట్టెవలె చాపి బిగించరాదు. జపాను దేశమున పూర్వము బిడ్డల కాళ్ళను చాపి చుట్టు అలవాటుండెడిది. దానివలన తుంటికీలు తప్పుట అధికమని గ్రహించి, 1970 దశకమున అక్కడి వైద్యులు ప్రచారము చేసి ఆ అలవాటు మాన్పించిన పిమ్మట ఆ లోపము బాగుగా తగ్గినది. మన తల్లులు బిడ్డను చంకకెత్తుకొనుటలో కాళ్ళు రెండు ప్రక్కలకు విడివడియుండును. తుంటికి అది మిక్కిలి మంచి భంగిమ.

ఈ పొత్తిగుడ్డలు తల్లికి మరియొక సాక్ష్యము చెప్పును. "నా పాలు బిడ్డకు చాలుచున్నవో, లేదో" యని బెంగపడి, డబ్బాపాలకు తొందరపడు తల్లులు అనేకులు. అయిదారు దినములు గడచిన పిమ్మట బిడ్డ పగలును రాత్రియును కలిపి ఆరు గుడ్డలకు తక్కువకాకుండ తడుపుచు, బరువు పెరుగుచున్నచో పాలు చాలుచున్నవని ధైర్యముగా నుండవచ్చును. అంతకు తగ్గినచోను, బిడ్డ మత్తుగా పడియున్నచోను వెంటనే వైద్యునికి చూపవలెను. ఇట్లు ఉతికి ఆరవేసిన గుడ్డలను లెక్కించుట తల్లికి ఉపకారము.

రెండవది ముడిచొక్కా. తలమీదుగా తొడుగు చొక్కా పురిటిబిడ్డకు పనికిరాదు. మెడ నిలువని బిడ్డకు దానిని తొడుగుట తల్లికిని భయమే. ముందు తెరచి ముడివేయునది సుఖము. ఇరువది రెండు అంగుళముల చదరపు పాతబట్టను పైనుండి క్రిందికి సగముగా మడువుడు. మడత భుజమగును, పొడవు పదునొకండు అంగుళములగును. భుజము మడతనుండి నాలుగున్నర అంగుళములు క్రిందికి చేతులకు విడిచి, దానికి దిగువన రెండు ప్రక్కలనుండి ఆరేసి అంగుళముల వెడల్పున ముక్కలు కత్తిరించి తీసివేయుడు. నడుమ పది అంగుళముల ఒళ్ళును, రెండు ప్రక్కల ఆరేసి అంగుళముల చేతులును మిగులును. మెడకు నాలుగు అంగుళముల వెడల్పున, వెనుక అర అంగుళము, ముందు రెండు అంగుళముల లోతున గుండ్రముగా కత్తిరించి, ముందు భాగమును నడుమ నిలువుగా చీల్చుడు. చంకనుండి క్రిందివరకు రెండు ప్రక్కల కుట్టినచో చొక్కా సిద్ధమైనది. పుట్టిన బిడ్డ ఛాతీ చుట్టుకొలత పదుమూడు అంగుళముల ప్రాంతముననుండును. చొక్కా చుట్టుకొలత ఇరువది అంగుళములు గనుక ముందు అంచులు ఒకదానిపై ఒకటి చక్కగా కప్పును. రెండు మూడు నెలలవరకు సరిపోవును.

కుట్టు మొరటువైపు బిడ్డవంటికి తగులకుండ బయటికి రావలెను. చూపునకు అందముగా నుండదని కొందరందురు. బిడ్డకు మెత్తగా నుండుటయే కావలసినది. బొత్తాములు, కొక్కెములు, పూసలు, తళుకులు వలదు. ఊడిన బొత్తాము గొంతునకు అడ్డుపడును. అదే గుడ్డతో అయిదు అంగుళములకు మించని నాడాలు రెండు జతలు కుట్టిన చాలును. అంతకంటె పొడవైనచో మెడకు చుట్టుకొనవచ్చును. మెడలో రక్షతాయెత్తు కట్టు ఇండ్లవారికి ఇదే మాట చెప్పుదును. నడుమునకు మొలత్రాడు కట్టుకొనుడు. నిద్రించు బిడ్డ మెడలో మాత్రము ఏ త్రాడును ఉంచకుడు.

చలిదినములకును, తొలి రెండు మూడు దినములకును ఒక కుళ్ళాయి కావలెను. ఉన్ని అక్కరలేదు. ఇంటిలోని పాతబనియను గొట్టమువలె సాగు బట్ట. దానినుండి ఆరున్నర అంగుళముల వెడల్పు, ఎనిమిది అంగుళముల పొడవు గల రెండు పొరల ముక్కను తీసి, ప్రక్కలు కుట్టి, పైకొనను దారముతో బిగించి కట్టినచో తలకు చక్కగా పట్టును. పుట్టగానే తడి తుడిచి, తల్లి రొమ్ముపై పరుండబెట్టి, ఈ కుళ్ళాయి తొడిగినచో వేడి పోకుండును. ఒక దినమైనను గడచినగాని స్నానము చేయింపరాదని నేటి వైద్యుల మాట. అయితే మన బెజవాడ రోహిణీకార్తెలో కుళ్ళాయి పెట్టి, చేతిజోళ్ళు తొడిగి, దుప్పటి చుట్టినచో బిడ్డ ఉడికిపోవును; ఒళ్ళంతయు చెమటకాయలు పేలును. బిడ్డ వీపుమీదనో, మెడ వెనుకనో చేయిపెట్టి చూడుడు. చెమట పట్టియున్నచో ఒక పొర తీయుడు. చల్లగానున్నచో ఒక పొర వేయుడు. ఇంటిలో నిద్రించునపుడు కుళ్ళాయి తీసివేయుట మంచిది.

రెండున్నర కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలున్న ఇంటివారు మరియొక గుడ్డను సిద్ధపరచుకొనవలెను. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో, నెలలు నిండని బిడ్డలకు వెచ్చని పెట్టెలు చాలక, ఎడ్గార్ రే అను వైద్యుడు తల్లుల రొమ్ముననే బిడ్డలను కట్టియుంచు పద్ధతిని ఆరంభించెను. కంగారూ జంతువు తన పిల్లను సంచిలో పెట్టుకొన్నట్లుండుటచే దానికి ఆ పేరు వచ్చినది. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతము దీనిని అన్ని దేశములకును చెప్పుచున్నది. దీనికి పాతచీరలో సగము, అనగా మూడు గజముల మెత్తని నూలుబట్ట చాలును. పొత్తిగుడ్డయు, కుళ్ళాయియు మాత్రమే ఉన్న బిడ్డను తల్లి రొమ్ముపై నిలువుగా, చర్మమునకు చర్మము తగులునట్లు ఉంచి, ముఖము ఒక ప్రక్కకు త్రిప్పి, గుడ్డ పైఅంచు చెవి క్రిందికి వచ్చునట్లు ఇద్దరిని కలిపి చుట్టవలెను. గడ్డము రొమ్మునకు ఆనిపోరాదు. ముక్కు ఎల్లప్పుడును కనబడుచుండవలెను. మొదటిసారి నర్సు చూపగా నేర్చుకొనుడు. తల్లి అలసినపుడు తండ్రియు కట్టుకొనవచ్చును. ఆయన రొమ్మునను వేడి కలదు.

ఇక బొంత. ఆరుగజముల పాతచీరను ముప్పదియారు అంగుళముల చొప్పున కత్తిరించినచో ఆరు ముక్కలు వచ్చును. ఆరింటిని ఒకదానిపై ఒకటి ముడుతలు లేకుండ పరచి, మంచి ముక్కలను పైనను అడుగునను ఉంచి, నాలుగు అంచులను ముందు పెద్ద కుట్లతో పట్టి, తరువాత అంగుళము ఎడముగా నిలువు వరుసలు కుట్టవలెను. ఒక్కరే కుట్టినచో నాలుగైదు మధ్యాహ్నములు పట్టును. ఇరుగుపొరుగు అమ్మలక్కలు నలుగురు నాలుగువైపుల కూర్చున్నచో ఒక పూటలో తేలిపోవును. బీహారు రాష్ట్రమున సుజనీ యనియు, బెంగాలున కాంథా యనియు పేరొందిన కుట్టుపనులు ఇట్టి పాతచీరల బొంతలనుండియే పుట్టినవి. మన బొంతకు అట్టి పేరు రాలేదు గాని పని అదియే. 17వ శతాబ్దమున సముద్రములు దాటి దేశదేశములకు అద్దకపు బట్టలనంపిన బందరు ప్రాంతమున, పెడన కలంకారీ దుప్పటి చినిగిన పిమ్మట కూడ బొంతలో రెండవ జన్మ నెత్తుచుండును.

బొంత బిడ్డ క్రింద పరచుటకే గాని పైన కప్పుటకు కాదు. చదునుగా, గట్టిగా నున్న పడకపై బొంత పరచి బిడ్డను వెల్లకిల పరుండబెట్టవలెను. బోర్ల పరుండబెట్టు అలవాటును మాన్పుటకు 1990 దశకమున అనేక దేశములలో ప్రచారము జరిగిన తరువాత, నిద్రలోనే కారణము తెలియక పోవు పసిబిడ్డల సంఖ్య సుమారు సగమునకు పడిపోయినది. తల గుండ్రముగా రావలెనని మనము పెట్టు ఆవాల దిండును గూర్చి చెప్పుటకు నాకు సంకోచమే. అది అమ్మమ్మలు ప్రేమతో కుట్టునది. కాని ఏడాది నిండనంతవరకు బిడ్డకు దిండేదియు వలదని నేటి వైద్యము చెప్పుచున్నది. మెలకువగానున్నపుడు బిడ్డను ఎత్తుకొనుచు, ఎదుట కూర్చుండి బోర్ల ఆడించుచు, పరుండబెట్టునపుడు తలను ఒకనాడు కుడికి, ఒకనాడు ఎడమకు త్రిప్పుచున్నచో తల దానంతట అదే చక్కబడును.

ఉయ్యాల మాట చెప్పకుండ ఈ ప్రసంగము ముగియదు. వరినాట్ల కాలమున చేలగట్టున తుమ్మకొమ్మకు చీర కట్టి బిడ్డను పరుండబెట్టి, తల్లి నాటు వేయుట మన డెల్టాలో అందరు చూచినదే. ఇంటిలోనైనను దూలమునకో, ఇనుపకొక్కెమునకో చీర వేయుదురు. మా ఇంట జరిగినది చెప్పుదును. మా రెండవ బిడ్డ ఉయ్యాలను నాలుగేండ్ల పెద్దబిడ్డ మురిపెముగా ఊపుచుండగా ముడి జారినది. ఉయ్యాల నేలకు జానెడెత్తున మాత్రమే యుండుటచేతను, క్రింద బొంత పరచియుండుటచేతను బిడ్డకు దెబ్బ తగులలేదు. ఆ ఎత్తు మా అత్తగారు పట్టుపట్టి పెట్టించినది. అంతకుముందు అది నడుము నొప్పియని నేను గొణిగినదానను. నాటినుండి అడిగినవారికెల్ల ఆ ఎత్తే చెప్పుచున్నాను.

కనుక చీర నలిగి చివికినది కారాదు. కొక్కెమునకు పాతిక కిలోల బియ్యపు సంచి వ్రేలాడదీసి, ఊపి చూచిన తరువాతనే బిడ్డను వేయవలెను. పంకా తగిలించు కొక్కెము తగదు. చీరపొరలు బిడ్డ ముఖముపై మూసికొనకుండ తలవైపున అడ్డకర్ర పెట్టి రెండు కొనలను గట్టిగా కట్టవలెను. పిల్లలు చీరను మెలిపెట్టి విడుచు ఆటను కఠినముగా మాన్పవలెను. ఆ మెలికలో మెడలు చిక్కుకొనును. చీర ఉయ్యాలలో బిడ్డ ఒళ్ళు వంగి గడ్డము రొమ్మునకు ఆనును. అందుచే పగటివేళ, పెద్దవారొకరు చూచుచుండగా నిద్రపుచ్చుటకే దానిని వాడుకొని, రాత్రి తల్లి మంచము దరిని చదునైన పడకపై వేయుట క్షేమము. పొరలుట నేర్చిన బిడ్డకు చీర ఉయ్యాల మానవలెను.

కాలువలు, వరిచేలు గల ఈ సీమలో దోమతెర లేని పడక పడకకాదు. చిన్నది మనమే చేసికొనవచ్చును. ఆరేసి అడుగుల వెదురుబద్దలు రెండు తీసికొని, చెక్కు లేకుండ గీకి, కొనలకు గుడ్డ చుట్టుడు. రెండింటిని నడుమ అడ్డముగా కలిపి కట్టి, విల్లువలె వంచి, నాలుగు కొనలను చదరముగా నిలుచునట్లు క్రింద త్రాటితో బంధింపుడు. చినిగిన పెద్ద దోమతెరలో మంచిభాగమును రెండున్నర గజముల చదరముగా కత్తిరించి పైన వేసినచో నాలుగువైపుల నేలకు ఆని నిలుచును. చిల్లులను ముందుగనే కుట్టవలెను. దోమలకై సాంబ్రాణి, వేపపొగ వేయు అలవాటున్నవారు, ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తులకు హానియని ఎరిగి ఈ తెరనే నమ్ముకొనుడు.

ఆటవస్తువునకు ఎక్కువ చెప్పను. తొలినెలలలో బిడ్డకు జానెడు దూరముననున్నదే స్పష్టముగా కనబడును. తల్లిముఖమే మొదటి ఆటవస్తువు. పిమ్మట తాటాకు చిలుకలను నాలుగు అల్లి, అందనంత ఎత్తున, గాలికి కదలునట్లు కట్టినచో బిడ్డ చూచుచు కేరింతలు కొట్టును. మూడవ నెల దాటి చేతితో పట్టుకొనునప్పటికి గుడ్డముక్కలు కూరి కుట్టిన పిడికెడు బంతి చాలును. గింజలు పోసిన ఇంటి గిలక పగిలినచో గింజలు గొంతుకడ్డుపడును. కొండపల్లి బొమ్మలు మన గర్వకారణములే. అవి గూటిలో పెట్టి చూపవలసినవి, నోట పెట్టుకొనవలసినవి కావు.

ఇవన్నియు సిద్ధమైన పిమ్మట, పొత్తిగుడ్డలు ఇరువది నాలుగు, ముడిచొక్కాలు ఆరు, కుళ్ళాయిలు రెండు, బొంతలు రెండు, తుడుచుటకు మెత్తని తువ్వాళ్ళు రెండు ఒక మూత డబ్బాలో పెట్టి అటకపైననో, ఎత్తైన గూటిలోనో ఉంచుడు. ఎత్తున ఏల? 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలగు ప్రాంతములు దినములతరబడి నీటిలోనుండినవి. మేడలపై తలదాచుకొన్నవారిలో బాలింతలు, పసిబిడ్డలును ఉండిరి. ఆ స్థితిలో అన్నము తరువాత మొదట కావలసినది పొడిగుడ్డ. దివిసీమవారికి 1977 నవంబరు 19నాటి ఉప్పెన తరువాత ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఫిన్లాండు దేశమున 1938 నుండి పేద తల్లులకును, 1949 నుండి తల్లులందరికిని ప్రభుత్వమే బిడ్డ బట్టలతో నింపిన అట్టపెట్టె నొకటి ఇచ్చుచున్నది. ఆ పెట్టెయే బిడ్డకు తొలిపడక యగును. మన ఇంటి డబ్బాను ఆ పెట్టెకు చెల్లెలనుకొనవచ్చును.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము పలుకుట ఆరంభించిననాడు పొత్తిళ్ళలో నున్నవారు నేడు ముత్తవ్వలైయున్నారు. వారి చీరలు మన పెట్టెలలో నున్నవి. అత్తగారు సూదిని కోడలి చేతినుండి తీసికొనుటకు బదులు, తన పాతచీర నొకటి తెచ్చి ఎదుట వేసి, "రావే తల్లీ, ఇది పాతదే గదా, ఇద్దరమును కూర్చుండి కుట్టుదము" అనినచో ఆచారమును నిలుచును, బిడ్డకు బట్టయు అమరును. బిడ్డ క్షేమముగా వచ్చిన పదునొకండవనాడు బారసాలలో క్రొత్తబట్టలు ఎన్నియైనను పెట్టుకొనుడు. వాటిని కూడ ఒకసారి ఉతికి ఆరవేసి మరీ తొడుగుడు.

సెలవు.